సోమవారం రాత్రి తినని అన్నాచెల్లెళ్ళు

అనంతపురం వైపు సరదాగా చూసివద్దామని మా తెనాలిలో ఎవరూ బయల్దేరరు. నేనూ సరదాకి వెళ్ళలేదు. రాస్తున్న పుస్తకంలో ఒక అధ్యాయం తక్కువైంది, దాని కోసం వెళ్ళాను. అధ్యాయం దొరకలేదు. దొరికిందేమిటో, నేను చేసి వచ్చిందేమిటో ఇక్కడ రాస్తున్నాను.

ముప్పై రెండేళ్ళు డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పాను. రిటైరయ్యాక, యుద్ధకాలంలో దేశాన్ని నడిపిన ఒక ప్రధాని ఆలోచనల మీద చిన్న పుస్తకం మొదలుపెట్టాను. పొట్టి మనిషి, గొంతు పెద్దది కాదు, పదవిలో ఉన్నది కొద్దికాలమే. సరిహద్దులో యుద్ధమూ దేశంలో తిండిగింజల కరువూ ఒక్కసారే మీదపడితే, వారానికి ఒక పూట, సోమవారం రాత్రి, భోజనం మానమని జనాన్ని అడిగాడాయన. అడిగేముందు తన ఇంట్లో పిల్లల చేత మాన్పించి చూశాడంటారు. సైనికుడికీ రైతుకీ కలిపి జై కొట్టించాడు. యుద్ధం ముగించే కాగితం మీద సంతకం పెట్టడానికి పరాయి దేశం వెళ్ళి, అక్కణ్ణుంచి ప్రాణంతో తిరిగి రాలేదు. పాలకుడు తాను చెయ్యనిది జనాన్ని అడగకూడదు, అడిగినా చట్టంతో కాదు, మాటతో అడగాలి. ఆయన జీవితం నుంచి నేను పిండుకున్న సారం ఇది. నా పుస్తకమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మా ఇంట్లోనూ ఆ రోజుల్లో సోమవారాలు పాటించారని అమ్మ గొప్పగా చెప్పేది. అప్పుడు నాకు నాలుగైదేళ్ళు. అన్నం వండేవాళ్ళు కాదట. పెసరట్లు పోసుకునేవాళ్ళట.

ఇప్పటికీ ఆ పూట మానుతున్నవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా అని నేను అందరినీ అడుగుతుంటే, నాతో కలిసి పనిచేసిన సరస్వతి గార్లదిన్నె నుంచి ఫోన్ చేసింది. "ముదిగుబ్బ దగ్గర కదిరప్ప అని ఒకాయన ఉండాడు. అరవై ఏండ్ల నుంచి తప్పలేదంట. ఊరంతా ఆయన్ని గురించి చెప్తారు. రా, చూద్దువు గాని."

ఆగస్టు చివర్లో, ఒక శనివారం నాటికి గార్లదిన్నె చేరాను.

గార్లదిన్నెలో ఉగ్గాని

పొద్దున్నే సరస్వతి నన్ను బస్టాండు పక్క బండి దగ్గరికి తీసుకెళ్ళి ఉగ్గాని తినిపించింది. మరమరాలు నీళ్ళలో తడిపి పిండేసి, పోపు పెట్టి, పప్పుల పొడి చల్లి ఇస్తారు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. అన్నీ కలిపి ముప్పై రూపాయలు. మా వైపు మరమరాలంటే చిరుతిండి, ఇక్కడ అది పొద్దుటి భోజనం. నేను గిన్నెడు తిని ఇంకో గిన్నెడు అడిగితే బండామె సంతోషపడింది. "యా ఊరమ్మా మీది? కాలవ నీళ్ళ ఊరా? తిను, తిను. ఈడ నీళ్ళు తక్కువ గానీ ఆకలికి తక్కువ లేదు."

ఇక్కడి ఇళ్ళలో నేను గమనించిన మొదటి తేడా నీళ్ళ దగ్గరే. మా ఇంటికి ఎవరైనా వస్తే చెంబుతో నీళ్ళిస్తాం, తాగగా మిగిలింది మొక్కల్లో పారబోస్తాం. సరస్వతి అత్తగారు సగం గ్లాసే ఇచ్చి, "కావాలంటే మళ్ళా పోస్తా" అంది. పిసినారితనం అనుకున్నాను. రెండో రోజుకి నేనూ సగం గ్లాసే అడగడం నేర్చుకున్నాను.

ధర్మవరం, పట్టుచీరల కొట్టు

ఆదివారం ధర్మవరంలో దిగాను. సరస్వతికి తెలిసిన పట్టుచీరల వ్యాపారి ఒకాయన, వాళ్ళ తాతగారి కాలంలో హోటలు నడిపేవాళ్ళు, నాకోసం పరుపు మీద దిండు వేయించి కూర్చోబెట్టారు.

"మా తాత ప్రతి సోమారం రాత్రీ హోటలు మూసేసినాడమ్మా," అన్నారు. "ప్రధాని అడిగినాడు, అంతే. బేరం పోతాదని ఒక్క మాట అన్లేదు. అట్లాంటి మనుషులు మళ్ళా వస్తారా?"

నేను గబగబా రాసుకున్నాను. చీర తెచ్చి ఇవ్వడానికి వచ్చిన నేతగాడు ఒకాయన, అరవై దాటినవాడు, గుమ్మం దగ్గర కూర్చుని వింటున్నాడు.

"నిజమేన్నా, మూసినారు," అన్నాడు మెల్లగా. "ఆడ గిన్నెలు తోమేది మా అవ్వే. హోటలు మూసిన రోజు కూలి లేదు. సోమారం రాత్రి మా ఇంట్లో గూడా ఎవురూ తిన్లేదంట."

వ్యాపారి నవ్వారు. నేతగాడూ నవ్వాడు. ఆ మాటలో కోపం లేదు, పాత సంగతి గుర్తుచేసుకున్నట్టే ఉంది. నేనూ నవ్వాను. వ్యాపారి తాత సంగతి నా నోటుపుస్తకంలో ఒక పేజీ అయింది. నేతగాడి అవ్వ సంగతి రాసుకోలేదు. పుస్తకానికి పనికిరాదనుకున్నాను. ఆయన పేరు కూడా అడగలేదు.

ముదిగుబ్బ దగ్గర, గాలిలో గొడుగు

ముదిగుబ్బకి ఆరేడు కిలోమీటర్ల లోపల కదిరప్ప ఊరు. ఆటో దిగి, చేల గట్టున నడుస్తూ ఎండకి గొడుగు తెరిచాను. ఆ గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదని అప్పుడు తెలిసింది. గొడుగు తిరగబడి, చేతిలోంచి ఊడి, ఇక్కడ శెనక్కాయ అనే వేరుశెనగ చేలో పడి దొర్లుకుంటూ పోయింది. నేను వెనక పరుగెత్తబోతే ఎవరో అరిచారు. "నువ్వు దిగొద్దమ్మా, చెట్లు తొక్కుతావు! నేను తెస్తా."

పొడుగ్గా, ఎండుగా, డెబ్బై ఏళ్ళ మనిషి. సాళ్ళ మధ్య ఒక్క మొక్కా తొక్కకుండా వెళ్ళి గొడుగు తెచ్చిచ్చాడు. తొక్కినా పెద్ద నష్టం లేనట్టే ఉంది చేను. వాన లేక ఆకులు మధ్యాహ్నానికే ముడుచుకుపోయాయి. ఒక మొక్క పీకి చూపించాడు. వేళ్ళకి నాలుగు చిన్న పిందెలు, లోపల పప్పు లేదు.

"ఇంగ పది దినాల్లో పడకపోతే గొర్లకు మేతే," అన్నాడు.

ఆయనే కదిరప్ప. ఇంటికి తీసుకెళ్ళాడు. భార్య పోయి చాలాకాలమైంది. కొడుకు సైన్యంలో ఉన్నాడు. గోడ మీద రెండు ఫోటోలు, రెండూ యూనిఫాంలోవే. ఒకటి కొడుకుది, రంగులది. రెండోది పాతది, వెలిసిపోయింది.

"మా పెద్దన్న రామాంజి," అన్నాడు. "ఆ యుద్ధంలో పోయినాడు."

నాకు ఒళ్ళు పులకరించింది. ఒకే ఇంట్లో జవానూ రైతూ! అధ్యాయం దానంతటదే రాసుకుంటోంది అనుకున్నాను. అదే మాట పైకి అన్నాను కూడా.

"అవును మేడం. ఇద్దరికీ జై కొట్టినారు," అన్నాడు కదిరప్ప. "ఒకడు సచ్చిపాయ, ఇంగొకడు వాన కోసరం చూస్తాండాడు."

సోమవారం సంగతి ఎత్తాను. ఆయన చాలాసేపు తువ్వాలు మడతలు పెట్టాడు. "అదేం పెద్ద సంగతి గాదు. చిన్నప్పుడు బడిలో చెప్పినారు. అలవాటైపాయ." ఎన్ని రకాలుగా అడిగినా అంతే. లేవబోతూ ఉండగా, పక్కింటామె తలుపు దగ్గర నుంచి అంది. "ఈయప్ప ఒక్కడే గాదమ్మా, మడకశిరలో ఈయప్ప చెల్లెలు నరసక్క గూడా తినదు. ఇద్దరూ ఇద్దరే."

ఆయన ఆమె వైపు చూసిన చూపు నాకు ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు కాలేదు.

"అయితే రేపే వెళ్తాను, రేపు సోమవారం కూడా," అన్నాను.

"ఆయమ్మను అడగొద్దు మేడం."

"ఎందుకని?"

"అడగొద్దు అంటాండా గదా."

మొహమాటం అనుకున్నాను. త్యాగం చేసినవాళ్ళు దాన్ని దాచుకుంటారు, అది పెద్దమనుషుల లక్షణం అని నా పుస్తకంలో రెండు పేజీలు ఉన్నాయి మరి. అడ్రసు పక్కింటామె ఇచ్చింది. అది చూసి కదిరప్ప నిట్టూర్చాడు. "నేను గూడా వస్తా. మీరొక్కరే పోవద్దు."

మడకశిర బస్సు

సోమవారం రెండు బస్సులు మారాం. హిందూపురం దాటాక బస్సులో సగం కన్నడం, సగం తెలుగు. కండక్టరు నాతో కన్నడంలో మొదలుపెట్టి, మొహం చూసి తెలుగులోకి దిగాడు. పక్క సీటామె ఒళ్ళో శెనక్కాయల సంచీ పెట్టుకుని నాకూ పిడికెడు పెట్టింది. ఆమెతో మాటల్లో సోమవారం సంగతి వచ్చింది. "సోమారం ఒక్కపొద్దా? శివునికి గదా?" అంది. కాదు, దేశానికి అన్నాను. ఆమె నన్నూ కదిరప్పనీ మార్చి మార్చి చూసి, "దేశానికి ఒక్కపొద్దుంటే దేశం ఏమిస్తాదక్కా?" అని నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పిన నేను శెనక్కాయలు ఒలవడంలో పడ్డాను.

కదిరప్ప కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "మా బడిలో అయ్యవారు లేచి నిలబెట్టి అడిగేటోడు మేడం. నిన్న రాత్రి తిన్నోళ్ళెవరు అని. తిన్నోళ్ళకు బెత్తం. మా క్లాసులో సగం మందికి మామూలుగానే రాత్రి బువ్వ ఉండదు. అయినా మేము దేశం కోసరం మానినామని చెయ్యెత్తేటోళ్ళం. గర్వంగా ఉండేది."

"మీకప్పుడు ఎన్నేళ్ళు?"

"పది. చెల్లెలికి ఆరు." ఇంకేదో చెప్పబోయాడు. బస్సు ఆగింది. ఒకాయన రెండు గొర్రెపిల్లల్ని చంకలో పెట్టుకుని ఎక్కి మా మధ్య ఇరుక్కున్నాడు. మాట అక్కడే ఆగిపోయింది. ఆ గొర్రెపిల్లలు ఎక్కకపోతే, ఆయన పూర్తిగా చెప్పివుంటే, నేను సాయంత్రం నోరు మూసుకునేదాన్నేమో. ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

నరసక్క ఇల్లు

నరసక్కది ఊరి చివర ఇల్లు, పక్కనే గొర్రెల దొడ్డి. అన్నను చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. "ఏమప్పా, చెప్పకుండా వస్తివే!" నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పొద్దుగూకకముందే వంట చేసింది. రాగి సంగటి, ఉలవచారు, శెనగిత్తనాలు అనే వేరుశెనగ గింజల చట్నీ. కొడుకూ కోడలూ బెంగళూరు దగ్గర తోటల్లో పనికి వెళ్ళారు, ఇంట్లో ఆమె ఒక్కతే.

నాకు ఒక్కదానికే పళ్ళెం పెట్టింది. అన్నాచెల్లెలు ఇద్దరూ గోడకానుకుని కూర్చుని నేను తింటుంటే చూస్తున్నారు. సంగటి నమలకూడదని, ముద్ద చారులో అద్ది మింగాలని నరసక్క నేర్పింది. నేను నమిలినప్పుడల్లా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు విన్నది అప్పుడే.

"మీరిద్దరూ తినరా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"సోమారం తినమక్కా."

"ఎందుకని?"

కదిరప్ప దగ్గాడు. నేను ఆయన వైపు చూడలేదు.

నరసక్క చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ ఎప్పుడూ అడగలేదేమో, ఆగకుండా చెప్పింది. "మా పెద్దన్న సిపాయి. యుద్ధం ఆగింది అన్నారు గానీ ఆ సరిహద్దులో కాల్పులు ఆగలేదంట. ఈ అన్న బడి నుంచి వచ్చి చెప్పినాడు. ప్రధాని చెప్పినాడంట, యా ఇంట్లో ఎవురన్నా సోమారం రాత్రి తింటే ఆ ఇంటి సిపాయికి తూటా తగులుతాదని. నేను చిన్నదాన్ని. అమ్మ పెడితే గూడా తినలే. ఒక సోమారం అమ్మ శెనక్కాయలు ఏంచుతాండాది. కమ్మటి వాసన. పొద్దుటి నుంచి ఏం తినలేదు. ఎవురూ చూడనప్పుడు ఒక పిడికెడు తీసుకోని దొడ్డిలోకి పోయి తింటి."

ఆగింది.

"ఆ వారంలోనే తంతి వచ్చింది. పెద్దన్న పాయ అని."

నేను ముద్ద పళ్ళెంలో పెట్టేశాను.

"అమ్మకు గూడా చెప్పలేదక్కా. ఈ అన్నకు గూడా ఇప్పుడే చెప్తాండా. నేను తింటి, వాడు సచ్చిపాయ. అందుకే ఆ పూట మళ్ళా తినలేదు. ఇంకేం చెయ్యాల?"

ఆ క్షణంలో నేను చెయ్యాల్సింది ఆమె చెయ్యి పట్టుకోవడం. నేను చేసింది పేపర్లు దిద్దడం. తప్పు జవాబు కనిపిస్తే ఎర్ర సిరా కోసం వెతికే అలవాటు నాది.

"లేదమ్మా!" అన్నాను. "ఆయన అలా ఎప్పుడూ అనలేదు. రేడియోలో అన్న మాటలు అచ్చులో ఉన్నాయి, నా దగ్గర ఉన్నాయి. వారానికి ఒక పూట తిండి మిగిలిస్తే లేనివాళ్ళకి అందుతుందన్నాడు. అది కూడా చెయ్యగలిగినవాళ్ళనే అడిగాడు. తూటా సంగతి ఎక్కడా లేదు. ఎవరో మీకు తప్పు చెప్పారు."

ఎవరో. ఆ మాట అన్నాక గానీ ఆ మనిషి పక్కనే కూర్చున్నాడని నాకు తట్టలేదు.

నరసక్క మెల్లగా అన్న వైపు తిరిగింది. "ఏమప్పా?"

కదిరప్ప తల ఎత్తలేదు.

"బడిలో చెప్పింది గాదా? నువ్వే అంటివా?"

"నువ్వు తిన్నావని తెలిస్తే అయ్యవారు నన్ను కొట్టేటోడు," అన్నాడాయన. "నువ్వు ఏడుస్తాంటివి బువ్వకు. ఎట్ల ఆపల్లో తెల్దు. భయపెడితే ఊరుకుంటావని అంటి. పదేండ్లు నాకు."

"పదేండ్లప్పుడు సరే. ఇరవై ఏండ్లప్పుడు? యాభై ఏండ్లప్పుడు?"

"నువ్వు తిన్న సంగతి నాకు తెల్దు గదమ్మా! భయంతో మానినావు, అలవాటైంది అనుకున్నా. చెప్తామనే ప్రతిసారీ వస్తి. నువ్వు తినకుండా కూసోని ఉంటే నోరు రాలే. నీకు తోడుగా నేను గూడా మానితి. అదొక్కటే నాకు చేతనయింది."

దొడ్లో గొర్రెలు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. నరసక్క అంది, అరవకుండానే.

"తోడుగా మానేది ఎందుకప్పా? చెప్పింటే ఇద్దరం తినేటోళ్ళం గదా."

లేచింది. పళ్ళెం తెచ్చుకుంది. సంగటి పెట్టుకుని, చారు పోసుకుని, మా ఇద్దరి ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఒక్కో ముద్దా మింగడానికి కష్టపడుతోంది, జబ్బుపడి లేచినవాళ్ళలాగ. అన్నకి పెట్టలేదు. తినమని అనలేదు. ఆయన కళ్ళు తుడుచుకోకుండా ఆమె తినడం చూస్తూ ఉండిపోయాడు.

తిరుగు ప్రయాణం

పొద్దున నేను లేచేసరికి కదిరప్ప మొదటి బస్సుకి వెళ్ళిపోయాడు. నరసక్క నాకు కాఫీ ఇచ్చింది. క్షమించమన్నాను. "నీదేం తప్పు లేదక్కా, నువ్వు ఉండే మాట చెప్తివి," అంది. బస్సు దాకా వచ్చి, నా సంచీ పైకి అందించి, బస్సు కదిలేదాకా నిలబడింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

దారి పొడుగునా ఒకే సంగతి ఆలోచించాను. ఢిల్లీలో ఒక మంచి మనిషి చేతులు జోడించి అడిగాడు. అది జిల్లాకి వచ్చేసరికి కాగితం అయింది, బడికి వచ్చేసరికి బెత్తం అయింది, పదేళ్ళ పిల్లాడి నోట్లో తూటా అయింది, ఆరేళ్ళ పిల్ల కడుపులో అరవై ఏళ్ళు ఉండిపోయింది. మధ్యలో ఎవరూ దుర్మార్గులు కారు. చట్టంతో కాదు, మాటతో అడగాలని నేను రాసుకున్న సారం తప్పు కాదు. కానీ పెద్ద కుర్చీలోంచి వచ్చిన మాట, కింద తినీ తినక ఉన్నవాళ్ళ దగ్గరికి చేరేసరికి మాటగా మిగలదని నాకు తోచలేదు. తోచి ఉండాల్సింది. ధర్మవరంలో ఆ నేతగాడు చెప్పనే చెప్పాడు.

నేనూ అదే పని చేశాను కదా. మంచి ఉద్దేశంతో, ఋజువులు చేతిలో పెట్టుకుని, అడగొద్దన్న మనిషి మాట వినకుండా.

పుస్తకం ఆపేశాను. ప్రచురణకర్త రెండుసార్లు ఫోన్ చేశాడు. తిరిగి రాస్తున్నానని చెప్పాను. రాయడం లేదు.

కదిరప్ప ఫోన్ ఎత్తడు. సరస్వతి వెళ్ళి చూసి వచ్చింది. వాన పడలేదట, చేను గొర్రెలకి వదిలేశాడట, సోమవారాలు ఇంకా తినడం లేదట. చెల్లెలు కబురు పెట్టలేదట.

రెండు నెలల తరవాత ధైర్యం తెచ్చుకుని నరసక్కకి ఫోన్ చేశాను. ఎలా ఉన్నారన్నాను. బాగుండానంది. గొర్రెల ధర గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడింది. చివరికి నేనే అడిగాను, సోమవారాలు తింటున్నారా అని.

"తింటాండానక్కా. ఇప్పుడు భయం లేదు." మళ్ళీ తనే అందుకుంది. "ఒకటే సంగతి. మా పెద్దన్న పోయిన తేదీ నాకు తెల్దు. వాడి మొగం గూడా సరిగ్గా గుర్తు లేదు. వారానికొకసారి కడుపు కాలినప్పుడు వాడు గుర్తొచ్చేటోడు. ఇప్పుడు తినేస్తాండా గదా, ఎప్పుడు తలుచుకోవల్లో తెలీక, మర్సిపోతాండా."

తరవాత ఆమే, "సరేక్కా, గొర్లు వచ్చినాయి," అని పెట్టేసింది.